ముందు నీటిని చూడండి: ఒమన్ పాత ఊళ్ళలో మూడు రోజులు

మస్కట్‌లో పదేళ్ళు పనిచేసి ఇంటికి తిరిగొచ్చిన మనవాళ్ళను ఒమన్ ఎలా ఉంటుందని అడిగి చూడండి. రువీ బజారు గురించి చెబుతారు, మత్రా ఒడ్డున గడిపిన సాయంకాలాల గురించి చెబుతారు, ఎండ గురించి తప్పకుండా చెబుతారు. ఊళ్ళ గురించి చెప్పేవారు మాత్రం అరుదు. సెలవు దొరికేది ఒక్క రోజు, చేతిలో వాహనం ఉండదు, పరాయి ఊళ్ళోకి వెళితే ఎవరేమంటారోనన్న జంకు ఒకటి. ఆ జంకు పోగొట్టడానికే ఇది రాస్తున్నాను. మస్కట్ నుంచి 160 కిలోమీటర్లు లోపలికి వెళితే నిజ్వా వస్తుంది. దాని చుట్టూ ఉన్న మట్టి ఊళ్ళు, రాతి ఊళ్ళు మూడు రోజుల్లో తృప్తిగా చూడవచ్చు. అక్కడ ఉద్యోగాలు చేసేవారికీ, పిల్లల దగ్గరకు వెళ్ళి నాలుగు గోడల మధ్య నెలరోజులు గడిపి వచ్చే తల్లిదండ్రులకూ ఇది పనికొస్తుంది.

ఒక్క మాట ముందే చెబుతాను. ఈ ఊళ్ళను కోట నుంచి మొదలుపెట్టి చూడకండి, కాలువ నుంచి మొదలుపెట్టండి. నేను మొదటి రెండుసార్లు కోటలు చూసి వచ్చేశాను, ఊరు అర్థం కాలేదు. మూడోసారి ఒక తోటలో కాలువ గట్టు మీద చివరిదాకా నడిచాక గాని మసీదు అక్కడే ఎందుకుందో, ఇళ్ళు ఆ రాళ్ళ మీద ఎందుకు కట్టారో తెలిసిరాలేదు.

బయలుదేరే ముందు

వెళ్ళవలసిన కాలం నవంబరు నుంచి మార్చి వరకు. మే వచ్చిందంటే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు మట్టి గోడల మధ్య తిరగడం పెద్దవాళ్ళకు, పిల్లలకు మంచిది కాదు. రంజాన్ నెలలో పగటిపూట బయట తినకూడదు, తాగకూడదు. ఆ నెల వదిలేయండి.

ఒమన్‌లో 2013 నుంచి వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. గురువారం మధ్యాహ్నం మస్కట్‌లో బయలుదేరి శనివారం సాయంత్రానికి తిరిగి వచ్చేలా పెట్టుకోండి. శుక్రవారం ఒక్కటే సెలవున్నవారు తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి, నిజ్వా సంత చూసి, తిరుగు దారిలో బిర్కత్ అల్ మౌజ్ చూసుకుని రావచ్చు. ఆ రెండు చాలు, మిగతావి ఇరికించకండి.

మస్కట్ నుంచి నిజ్వాకు బస్సు ఉంది. అయితే అక్కడి నుంచి పల్లెలకు బస్సును నమ్ముకుంటే రోజు గడిచిపోతుంది. ఒమన్ లైసెన్సు ఉన్న మిత్రుడు ఒకరుంటే నలుగురు కలిసి కారు అద్దెకు తీసుకోండి. ఈ మూడు రోజుల్లో చూసే ఊళ్ళన్నిటికీ మామూలు కారు సరిపోతుంది. అక్కడ బండి నడిచేది రోడ్డుకు కుడి పక్కన, వేగాన్ని కనిపెట్టే కెమెరాలు దారి పొడవునా ఉంటాయి. ఇండియా నుంచి వెళ్ళేవారు వీసా నిబంధనలను టికెట్టు కొనకముందే రాయల్ ఒమన్ పోలీసు వెబ్‌సైటులో చూసుకోవాలి. అవి మారుతుంటాయి.

బట్టల విషయంలో మనకు పెద్ద ఇబ్బంది లేదు. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. చీర, చుడీదారు రెండూ బాగుంటాయి, చున్నీ ఒకటి దగ్గర పెట్టుకోండి. మగవాళ్ళు లుంగీతో, నిక్కరుతో ఊళ్ళోకి వెళ్ళకూడదు. జారని చెప్పులు వేసుకోండి, ఎందుకంటే నడిచేది తడి గట్ల మీద.

చిల్లర ఉంచుకోండి. ఒమన్ రియాల్‌కు 1000 బైసాలు. బైసా అన్న మాట మన పైసాయే. 1970 వరకు అక్కడ చెలామణి అయినవాటిలో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరుగా అచ్చువేసిన రూపాయి కూడా ఉంది. సంతలో తలపండిన ఒమానీ ఎవరైనా మీతో హిందీలో బేరమాడితే ఆశ్చర్యపోకండి. ఆ బంధం పాతది.

గురువారం సాయంత్రం: బిర్కత్ అల్ మౌజ్

నిజ్వా ఇంకా ఇరవై పాతిక కిలోమీటర్లు ఉందనగా ఈ ఊరు వస్తుంది. పేరుకు అర్థం అరటి కోనేరు. ఎండ వాలేలోగా, నాలుగు గంటలకల్లా చేరుకోండి. కొండ వాలున కూలిపోతున్న మట్టి ఇళ్ళ పాత వాడ కనిపిస్తుంది, దాని కింద పచ్చటి ఖర్జూర తోట. అందరూ ముందు ఆ ఇళ్ళ వైపు నడుస్తారు. మీరు తోట వైపు నడవండి.

తోటలో పారే కాలువను ఫలజ్ అంటారు. విభజించడం, పంచడం అన్న అర్థమున్న ప్రాచీన ధాతువు నుంచి ఆ మాట వచ్చింది. ఒమన్‌లో ఇప్పటికీ సుమారు 3000 ఫలజ్‌లు పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బిర్కత్ అల్ మౌజ్‌లోని ఫలజ్ అల్ ఖత్మైన్ ఆ ఐదింటిలో ఒకటి. ఎక్కడో కొండ పాదంలో తల్లి బావి తవ్వుతారు, అక్కడి నుంచి భూమి లోపలే సొరంగం తీసి, వాలుకు నీళ్ళు తమంతట తాము నడిచి వచ్చేలా చేస్తారు. మోటారు లేదు, ఏతాం లేదు. ఇలాంటి సొరంగపు ఫలజ్‌ను దావూదీ అంటారు. దావూదు కొడుకు సులేమాను ఒమన్ మీదుగా వెళుతూ, నీళ్ళు లేని ఆ నేల మీద జాలిపడి, పది రోజుల్లో పదివేల ఫలజ్‌లు తవ్వమని జిన్నులను ఆజ్ఞాపించాడని అక్కడివారు కథ చెబుతారు.

ఇక్కడ తప్పక చూడవలసింది కాలువ మూడు పాయలుగా చీలే చోటు. బైత్ అల్ రుదైదా కోట దగ్గరే ఉంటుంది. ఒక్క ప్రవాహం వచ్చి, ఎక్కువ తక్కువ లేకుండా మూడుగా విడిపోతుంది. కూర్చుని కాసేపు చూడండి. రాతి అంచు తాకే దాకా నీరు మౌనంగా వస్తుంది, అక్కడ సన్నగా ముడతపడి మూడు దారులు పడుతుంది. ఆ కట్టడం కట్టిన మేస్త్రీ చేతిలో ఏ కొలబద్ద ఉందోగాని, కాలువ పొడవునా బతికే కుటుంబాల మధ్య తగాదాలు రాకుండా చూసింది ఆ రాతి అంచే.

ఇప్పుడు నీటి వెంట నడవండి. నీళ్ళు బయటికి వచ్చే మొదటి చోటు తాగునీటికి. అక్కడ చేతులు కడగకూడదు, కాళ్ళు పెట్టకూడదు. తరువాత మసీదు, వజూ చేసుకునే చోటు, అంటే నమాజుకు ముందు ముఖం, కాళ్ళుచేతులు కడుక్కునే చోటు. ఆ తరువాత స్నానాల గదులు, మగవారికి వేరు, ఆడవారికి వేరు. అవన్నీ దాటాక తోట మొదలవుతుంది. తోటలోనూ మొదటి హక్కు ఖర్జూర చెట్లది. ఏటేటా వేసుకునే పశుగ్రాసం, కూరగాయలు కాలువ చివర్న ఉంటాయి. నీళ్ళు తగ్గిన ఏడు ఆ చివరి మడులు బీడు పెడతారు, చెట్లు మాత్రం బతుకుతాయి. చివరి ఆయకట్టు కష్టం తెలిసిన రైతు బిడ్డలకు ఈ లెక్క నేను విడమరచి చెప్పనక్కరలేదు.

పంపకానికి ఒక మనిషి ఉంటాడు. అతన్ని వకీల్ అంటారు. మన చెరువుల కింద నీరటి, నీరుగంటి చేసిన పనే ఇది, కొంత పెద్ద హోదాతో. వంతును కాలంతో కొలుస్తారు. ఆ కొలత పేరు అథర్, సుమారు అరగంట. పూర్వం పగలు నేలలో పాతిన కర్ర నీడను బట్టి, రాత్రి నక్షత్రాలు పొడిచే వేళను బట్టి వంతు మార్చేవారు. ఇప్పుడు చాలాచోట్ల గడియారం వచ్చింది. అయినా కొన్ని ఊళ్ళలో ఆ నీడ కర్ర ఇంకా నిలబడి ఉంటుంది, నేల మీద గుర్తు రాళ్ళతో సహా. కనిపిస్తే దాన్ని తొక్కకండి, రాయి కదపకండి.

తోటలో పనిచేస్తూ కనిపించేవారు చాలావరకు బంగ్లాదేశ్ నుంచి వచ్చినవారు. హిందీలో పలకరించండి. ఏ మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో, ఏ చెట్టు ఏ రకమో వాళ్ళకు తెలిసినంతగా పలకల మీద రాసి ఉండదు. ఆ రాత్రికి నిజ్వాలో బస చేయండి.

శుక్రవారం ఉదయం: నిజ్వా సంత

ఆరున్నరకల్లా కోట పక్కన ఉన్న మేకల సంతకు చేరుకోండి. ఏడు గంటలకు వేడెక్కుతుంది, తొమ్మిదికి ఎవరి దారి వారిది. ఎనిమిదిన్నరకు తీరిగ్గా వెళ్ళినవారికి పేడ, ఖాళీ తాళ్ళు తప్ప ఏమీ మిగలవు.

గుండ్రటి బాట, మధ్యలో పందిరి. కొనేవారు లోపల కొందరు, బయట కొందరు నిలబడతారు. అమ్మేవారు మేకలను, గొర్రెలను తాడు పట్టి ఆ బాట వెంట తిప్పుతూ ధర అరుస్తుంటారు. కొనేవాడు చెయ్యి ఎత్తి ఆపుతాడు. పెదవి ఎత్తి పళ్ళు చూస్తాడు, వెన్ను మీద చెయ్యి వేసి ఒత్తుతాడు, పాడి మేకైతే పొదుగు చూస్తాడు. తల అడ్డంగా ఊపితే మేక మళ్ళీ నడుస్తుంది. మన వైపు సంతల్లో పెరిగినవారికి భాష తెలియకపోయినా బేరం మొత్తం అర్థమవుతుంది. ఎడారి పల్లెల నుంచి వచ్చిన ఆడవారు ముఖానికి బిరుసు బుర్ఖా ముసుగు వేసుకుని, మగవారికి ఏమాత్రం తగ్గకుండా బేరమాడటం నాకు చాలా ఇష్టమైన దృశ్యం. వారిని ఫోటో తీయకండి. మగవారినైనా అడిగాకే తీయాలి. "ముమ్కిన్ సూరా?" అంటే ఫోటో తీయవచ్చా అని. తల ఊపితే సరే, చెయ్యి అడ్డం పెడితే చిరునవ్వుతో ఫోను దించేయండి. నడిచే బాటలో నిలబడకండి, పొట్టేళ్ళు పక్కకు తప్పుకోవు.

సంత అయ్యాక సూక్‌లోకి రండి. అంటే బజారు. వెండి పిడి ఉన్న ఖంజర్ బాకులు, మట్టి కుండలు, హల్వా. ఒమానీ హల్వా జిగురుగా, ఏలకులు, గులాబీ నీటి వాసనతో ఉంటుంది. రుచి చూపించమని అడిగితే చెంచాతో ఇస్తారు. ఖర్జూరాలు కొనేచోట తొందరపడకండి. ఖలాస్, ఖునేజీ, ఫర్ద్ అని రకాలుంటాయి, ఒక్కొక్కటి నోట్లో వేసుకుని చూశాకే కొనండి. తూర్పు జిల్లాల్లో పండే మబ్సలీ అనే రకాన్ని పండకముందే కోసి, పెద్ద రాగి పాత్రల్లో ఉడకబెట్టి ఎండబెడతారు. ఆ పనిని తబ్సీల్ అంటారు. ఎండబెట్టిన ఆ ఖర్జూరం తరతరాలుగా ఓడలెక్కి వచ్చింది ఇండియాకే. మనకు తాంబూలాల్లోనూ, బాలింత పథ్యంలోనూ పరిచయమైన ఎండు ఖర్జూరం లాంటిదే ఇదీ.

నిజ్వా కోటను ఇప్పుడు చూడండి, ప్రార్థన వేళ కాకముందే. శుక్రవారం పదకొండు దాటితే కోటలు, దుకాణాలు మూతపడతాయి. గుండ్రటి బురుజును 1650ల్లో ఇమాము, అంటే ఆనాటి పాలకుడు, సుల్తాన్ బిన్ సైఫ్ అల్ యారుబీ కట్టించాడు, పన్నెండేళ్ళు పట్టిందంటారు. ఫిరంగి దెబ్బకు తట్టుకునేందుకు బురుజు కింది భాగాన్ని మట్టితో, రాళ్ళతో నింపేశారు. మెట్ల దారి మలుపులు తిరుగుతుంది, తలుపుల నెత్తిన రంధ్రాలుంటాయి. దాడికి వచ్చినవారి మీద వాటిలోంచి మరిగే ఖర్జూర పాకం పోసేవారు.

ఆ పాకం ఎక్కడిదో కోటలోనే చూడవచ్చు. ఖర్జూరాల గది ఒకటి ఉంటుంది. దాని నేల చదునుగా ఉండదు, దుక్కి చాళ్ళలా వరసగా గట్లు, మధ్యలో సన్నటి కాలువలు. ఖర్జూరాల సంచులను పైకప్పు దాకా పేరిస్తే, పై సంచుల బరువుకు కింది వాటిలోంచి పాకం ఊరి ఆ చాళ్ళలోకి దిగి, గోడ పక్కన ఉన్న తొట్టిలోకి చేరుతుంది. గానుగ అక్కరలేదు, నిప్పు అక్కరలేదు. నీళ్ళను వాలుతో నడిపించినవారే పాకాన్ని బరువుతో నడిపించారు.

మధ్యాహ్నం: తనూఫ్, బహ్లా, జబ్రీన్

భోజనం చేసి పడమటికి బయలుదేరండి. మస్కట్‌లో మనవాళ్ళు కొనుక్కునే మంచినీళ్ళ సీసాల మీద తనూఫ్ అన్న పేరు చూసే ఉంటారు. ఆ పేరున్న ఊరు ఈ దారిలోనే ఉంది. పాత తనూఫ్ ఇప్పుడు మొండిగోడల గుట్ట. 1950ల్లో లోపలి ప్రాంతపు ఇమాముకూ మస్కట్ సుల్తానుకూ యుద్ధం జరిగినప్పుడు, సుల్తాను తరఫున బ్రిటిష్ వైమానిక దళం బాంబులు వేసి కూల్చిన ఊరు అది. ఒక మసీదు తోరణం, కొన్ని కిటికీ గూళ్ళు నిలిచి ఉన్నాయి. పక్కన ఫలజ్ ఇంకా పారుతోంది. పది నిమిషాలు మౌనంగా తిరిగి రండి. గోడలెక్కకండి, అవి ఎవరి ఇళ్ళో.

బహ్లా కోట 1987లో యునెస్కో జాబితాకెక్కింది, ఒమన్‌లో అదే మొదటిది. శిథిలమైపోతోందని మరుసటి ఏడే ప్రమాద జాబితాలో పెట్టి, మరమ్మతులు జరిగాక 2004లో తీసేశారు. ఊరంతటినీ చుట్టిన మట్టి గోడ 12 కిలోమీటర్ల పొడవు. నన్నడిగితే కోట లోపలికంటే ఎదురుగా గుట్ట మీద నుంచి చూసే దృశ్యమే మిన్న. పాత వాడలో కుమ్మరులు కుండలు కాల్చే బట్టీలు ఉన్నాయి, తెరిచి ఉంటే తప్పక ఆగండి.

అక్కడికి కొద్ది కిలోమీటర్లలో జబ్రీన్. ఇది యుద్ధం కోసం కట్టిన కోటకంటే చదువుకున్న రాజు కట్టుకున్న ఇల్లులా ఉంటుంది. పదిహేడో శతాబ్ది చివర్లో ఇమాము బిల్అరబ్ బిన్ సుల్తాన్ కట్టించాడు, ఆయన సమాధి కూడా లోపలే ఉంది. తలెత్తి పైకప్పుల మీది రంగుల లతలు చూడండి, మెడ నొప్పి పుట్టినా సరే.

సాయంత్రం: అల్ హమ్రా మట్టి మేడలు

వెలుగు పసుపు రంగు తిరిగే వేళకు అల్ హమ్రా చేరాలి. రెండు మూడు అంతస్తుల పచ్చి ఇటుకల ఇళ్ళు, కొన్ని నాలుగు వందల ఏళ్ళనాటివి. చాలావాటిలో ఎవరూ లేరు. ఎందుకు లేరో తెలుసుకుంటే ఊరు మీద జాలి కాదు, గౌరవం కలుగుతుంది. 1970 దాకా ఈ దేశంలో తారు రోడ్డు దాదాపు లేదనే చెప్పాలి. చమురు డబ్బుతో రోడ్లు, కరెంటు వచ్చాక జనం కింద మైదానంలో సిమెంటు ఇళ్ళు కట్టుకుని దిగిపోయారు. తోటను మాత్రం వదలలేదు. సాయంత్రం తాతలు ఇప్పటికీ తోట చూసుకోవడానికి వస్తారు.

ఇల్లు చూసే పద్ధతి చెబుతాను. ముందు తలుపు చూడండి, చెక్కడం, ఇనుప మేకులు. తరువాత లోపలికి వెళ్ళి తలెత్తండి. చీల్చిన ఖర్జూర మొద్దులే దూలాలు, వాటి మీద ఈనెల చాప, దాని మీద మట్టి. తాటి దూలాల ఇళ్ళలో పుట్టినవారికి ఆ పైకప్పు సొంత ఇంటిదిలా కనిపిస్తుంది. నీళ్ళు తగిలే చోట్ల మట్టికి బదులు సారూజ్ వాడారు. మట్టి ముద్దలను ఖర్జూర మొద్దుల మంటలో కాల్చి, పొడి చేసి, కలిపి పూసే గచ్చు అది. ఫలజ్ గట్లకూ అదే. బైత్ అల్ సఫా అనే పాత ఇంటిని జీవించే మ్యూజియంగా నడుపుతున్నారు. ఊరి ఆడవారు పెనం మీద పలుచటి రొట్టె చేసి చూపిస్తారు, గంధం అరగదీస్తారు, చివర్లో కాఫీ ఇస్తారు. కూలుతున్న ఇళ్ళలోకి మాత్రం పిల్లలను పంపకండి. ఒక్క వాన చాలు, పై అంతస్తు కింద పడటానికి.

శనివారం: మిస్ఫత్ అల్ అబ్రీయీన్

అల్ హమ్రా నుంచి ఘాటు రోడ్డెక్కితే వెయ్యి మీటర్ల ఎత్తున ఈ రాతి ఊరు. పెద్ద పెద్ద బండలనే పునాదులుగా చేసుకుని ఇళ్ళు కట్టారు. కొన్నిచోట్ల బండ గోడలోకి, గోడ బండలోకి కలిసిపోయి ఏది ఎక్కడ మొదలైందో తెలియదు. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో దీన్ని చేర్చింది. పాత ఇళ్ళనే బాగుచేసి అతిథులకు గదులు ఇస్తున్నారు, శుక్రవారం రాత్రి ఇక్కడే పడుకోండి. వారాంతాల్లో గదులు ముందే నిండిపోతాయి కాబట్టి రెండు వారాల ముందు మాట్లాడుకోండి.

సాగుకు చదును నేల లేకపోవడంతో కొండను మెట్లుగా కోసి, అంచులకు రాళ్ళు పేర్చి, మట్టి నింపుకున్నారు. బండ అంచునే ఫలజ్ వస్తుంది. మెట్టు మెట్టుకూ చిన్న తూము, దానికి రాయి, చింకిగుడ్డ అడ్డం. వంతు వచ్చినప్పుడు గుడ్డ లాగేస్తే ఖర్జూరం, నిమ్మ, అరటి, బొప్పాయి వేళ్ళకు నీళ్ళు అందుతాయి. పొద్దున ఆరు గంటలకు గట్టు మీద నడవండి. గట్టు జానెడు వెడల్పు, ఎదురుగా గడ్డి మోపుతో ముసలాయన వస్తే మీరే పక్కకు తప్పుకోవాలి. "అస్సలాము అలైకుమ్" అని మీరే ముందు పలకరించండి. పెద్దవారిని "అమ్మీ" అని పిలవవచ్చు. మనకు అమ్మను పిలిచినట్టుంటుంది గాని, ఆ మాటకు అర్థం మా బాబాయి అని. ఆ గుడ్డ అడ్డాలను వేడుకకోసం మీరు లాగకండి. అది ఒకరి వంతు.

ఎవరైనా కాఫీకి పిలిస్తే వెళ్ళండి. చెప్పులు బయట విడవాలి. మగవారిని ఒక గదిలో, ఆడవారిని లోపల వేరుగా కూర్చోబెట్టవచ్చు, అది మర్యాదే. ముందు ఖర్జూరాలు, తరువాత పిడి లేని చిన్న కప్పులో ఏలకుల కాఫీ, చక్కెర ఉండదు. కుడి చేత్తోనే అందుకోండి. తాగిన కొద్దీ పోస్తూనే ఉంటారు. చాలనుకున్నప్పుడు ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. అది తెలియక మొహమాటంతో ఏడెనిమిది కప్పులు తాగినవారిని చూశాను. పాదాలు ఎదుటివారి వైపు చాపకండి. డబ్బు ఇవ్వబోతే నొచ్చుకుంటారు. అదే ఇంట్లో తేనె, నిమ్మ ఒరుగులు అమ్ముతుంటే కొనండి, అది వారికి సంతోషం. శాకాహారులు కూరల విషయం ముందే చెప్పుకోవాలి, లేకపోతే అన్నంలో మాంసం వస్తుంది.

వాన గురించి ఒక హెచ్చరిక. వాదీ అంటే మన వాగే, మాట కూడా దగ్గరగానే ఉంది. ఎండిపోయిన వాదీలో కారు ఆపి భోజనాలు చేయాలనిపిస్తుంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువ కొండల్లో వాన పడితే నిమిషాల్లో నీళ్ళు వచ్చి పడతాయి. కొండల మీద మబ్బు కనిపిస్తే పైకి రండి, పారే వాదీని కారుతో దాటవద్దు. దాటినవారికి జరిమానా కూడా వేస్తారు.

నాలుగో రోజు ఉన్నవారు జబల్ అఖ్దర్ అనే కొండ ప్రాంతానికి వెళ్ళవచ్చు. దానికి నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి ఉండాలి. బిర్కత్ అల్ మౌజ్ దగ్గరే పోలీసులు చూసి, మామూలు కారైతే వెనక్కి పంపేస్తారు. మార్చి చివరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ గులాబీల కాలం, పల్లెల్లో మట్టి పొయ్యిల మీద గులాబీ నీరు తీస్తారు.

మూడు రోజులే ఉన్నవారు శనివారం మధ్యాహ్నం రెండింటికి మిస్ఫత్ వదిలితే చీకటి పడేలోగా మస్కట్ చేరతారు. ఘాటు దిగేటప్పుడు కారును తక్కువ గేరులో ఉంచండి, బ్రేకు అదేపనిగా తొక్కకండి.